మకుటం ఎవరిది?

చిన్న నాటక సమాజాలు, పొట్టి చిత్రాలు తీసే విద్యార్థి బృందాలు, సొంత ఖర్చుతో పుస్తకం వేసుకునే రచయితలు - వీరి కృతుల పేర్లకు రక్షణ గూర్చి మన మిత్రుల్లో రెండు వాదాలు వినవస్తున్నాయి. "పేరు కూడా ఆస్తే. దాన్ని ట్రేడ్‌మార్కుగా రిజిస్టరు చేయించుకుంటే పెద్దవాళ్ల దోపిడి ఆగుతుంది" అనేది మొదటి వాదం. "మాట ప్రజలది. ట్రేడ్‌మార్కు వర్తకుల గొడవ. అభ్యుదయ కళాకారుడికి దానితో పనేమిటి?" అనేది రెండవది. మొదటి వారు చట్టాన్ని నమ్ముకున్నారు, రెండవ వారు చట్టాన్ని మరిచిపోయారు. పెద్ద సంస్థ వచ్చి పేరు తన్నుకుపోయిన నాడు ఈ రెండు వాదాలూ చిన్న కళాకారుణ్ణి నడివీధిలో ఒంటరిగానే నిలబెడతాయి.

చట్టం సంగతి మొదట చూద్దాం. కృతికి కాపీరైటు ఉంది, కృతి పేరుకు లేదు. 2008లో ఒక రచయిత 'దేశీ బాయ్స్' అనే పేరుతో కథాసంగ్రహాన్ని రచయితల సంఘంలో నమోదు చేసుకున్నాడు. 2011లో అదే పేరుతో పెద్ద హిందీ చిత్రం వచ్చింది. వివాదం సుప్రీంకోర్టు దాకా పోయింది. పేరు దానంతటదే సంపూర్ణమైన రచన కాదనీ, వాడుక మాటలపై ఎవరికీ కాపీరైటు ఉండదనీ 2015లో ఆ న్యాయస్థానం తేల్చింది.

మన సాహిత్య చరిత్ర ఎరిగిన వారు దీనికి ఉలిక్కిపడనక్కర లేదు. రామాయణమనే పేరు ఏ కవి సొత్తు? భాస్కర రామాయణం, మొల్ల రామాయణం, గోపీనాథ రామాయణం - మకుటం ఒక్కటే. కవి పేరు ముందు చేరి కృతిని వేరు చేసింది. 'మాయాబజార్' 1957లో ఒకటి వచ్చింది, 2006లో మరొకటి వచ్చింది. 'దేవదాసు' 1953లో ఒకటి, 2006లో మరొకటి. ఒకటనుకొని మరొకదానికి టిక్కెట్టు కొని మోసపోయిన ప్రేక్షకుడెవరైనా ఉన్నాడా? పేరు ఉమ్మడిది కావటం వల్ల కళకు నష్టమేమీ కలగలేదు.

చిక్కంతా ఇక్కడి నుంచే మొదలవుతుంది. కాపీరైటు చట్టం ఇవ్వని హక్కును ట్రేడ్‌మార్కు చట్టం కొందరికి ఇస్తుంది. ఆ కొందరు ఎవరు?

వరుసగా వెలువడే వాటి పేరుకు - పత్రికకు, ధారావాహికకు, గ్రంథమాలకు - రక్షణ సులభం. ఒకే కృతి పేరుకు మాత్రం 'ద్వితీయార్థం' కలిగి ఉండాలంటారు న్యాయమూర్తులు. అనగా ఆ మాట చెవిని పడగానే నిఘంటువులోని అర్థం గాక ఈ కృతీ, దీని నిర్మాతా జనానికి స్ఫురించాలి. మన ఆలంకారికులు అభిధ, లక్షణ, వ్యంజన అని మూడు శబ్దవృత్తులు చెప్పారు. ఈ నాలుగవదాని స్వభావం 2007 నాటి 'నిశ్శబ్ద్' వివాదంలో బట్టబయలైంది.

బెంగాలీలో ఆ పేరుతో ఒక చిన్న చిత్రం అప్పటికే ఉంది. చలనచిత్రోత్సవాల్లో ప్రదర్శితమైంది గాని, థియేటర్లలో విడుదలకు నోచుకోలేదు. ఇంతలో అదే పేరుతో మన తెలుగువాడైన రామ్‌గోపాల్ వర్మ అమితాబ్ బచ్చన్ నాయకుడుగా హిందీ చిత్రం తీశాడు. బెంగాలీ చిత్ర నిర్మాతలు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లారు. నిషేధపుటుత్తర్వు రాలేదు. వారు ఆలస్యంగా వచ్చారన్న మాటా తీర్పులో ఉంది, దాన్ని దాచనక్కర లేదు. కాని అసలు కారణం వారి పేరుకు ద్వితీయార్థం రుజువు కాలేదనటం. దాన్ని నిర్ణయించటానికి తీర్పు ఎత్తి చూపిన కొలతలేవి? ఎంతకాలం వాడారు, ప్రకటనలకు ఎంత డబ్బు ఖర్చు పెట్టారు, ఎన్ని అమ్ముడుపోయాయి, ఎందరు చూశారు, రెండింటి మార్కెట్లు ఎంత దగ్గరివి అనేవి.

పాఠకులు ఈ కొలతలను ఒక్కసారి తరచి చూడాలి. వీటిలో శ్రమకు చోటు లేదు, ముందు వచ్చిన ఆలోచనకు చోటు లేదు. ప్రచారానికి పెట్టుబడి ఉన్నవాడి మాటకు ద్వితీయార్థం పుడుతుంది, లేనివాడి మాట నిఘంటువులోనే పడి ఉంటుంది. 'షోలే' అన్నా వాడుక మాటే, నిప్పురవ్వలని అర్థం. అయినా 2022లో అదే ఢిల్లీ హైకోర్టు, 1975 నాటి ఆ చిత్రం పేరును వెబ్‌సైటుకు వాడుకున్న వారిపై 25 లక్షల రూపాయలు విధించింది. ఆ చిత్రానికి జనంలో ఉన్న పేరు నిజమైనదే, కాదనను. కాని సూత్రం ఎటు మొగ్గుతుందో చూడండి. కీర్తి ఉన్నవాడికే రక్షణ. రక్షణ అవసరమైనది కీర్తి ఇంకా రానివాడికి!

"అందుకే ముందే రిజిస్టరు చేయమన్నాం" అంటారు మొదటి మిత్రులు. 'కభీ అల్విదా నా కెహనా' అనే పేరును ట్రేడ్‌మార్కుగా నమోదు చేయమని దరఖాస్తు పెట్టుకున్న వ్యక్తి 2006లో కోర్టుకెక్కి ఆ పెద్ద చిత్రాన్ని ఆపలేకపోయాడు. అది అందరి నోటా నానే మాట అన్నారు. దరఖాస్తు కాగితం దుర్గం కాదు.

పైగా ఈ దారిన అందరూ పోతే ఏమవుతుందో ప్రపంచం చూసింది. 'క్యాండీ క్రష్ సాగా' అనే ఆటతో కోట్లు గడించిన కింగ్ సంస్థ, కొద్దిమంది కలిసి తయారు చేసిన 'ది బ్యానర్ సాగా' అనే ఆట పేరు అమెరికాలో నమోదు కాకుండా అడ్డుపడింది. 2014లో రాజీ కుదిరింది. 'సాగా' అనేది ఐస్‌లాండ్ ప్రజల ప్రాచీన గాథలకు పేరు. మిఠాయి ఆట అమ్మేవాడు ఒక జాతి కథల పేరుకు కంచె వేయబోయాడు. రేపు మనవాడొకడు 'గాథ'కూ, 'బతుకు'కూ, 'పోరు'కూ కంచె వేయడని నమ్మకమేమిటి?

రెండవ మిత్రులకు కూడా ఒక మాట. చట్టాన్ని మనం పట్టించుకోకపోయినంత మాత్రాన అది మనల్ని విడిచిపెట్టదు. సినిమా రంగంలో ఫిల్మ్ ఛాంబరు పేర్ల పట్టిక ఉంది. అది చట్టం కాదు, సభ్యుల మధ్య కట్టుబాటు. అందులో పెద్దలు తగాదా పడితే సర్దుబాటు దొరుకుతుంది. 2010లో పేర్ల పేచీ వచ్చినప్పుడు 'మహేష్ ఖలేజా', 'కళ్యాణ్‌రామ్ కత్తి' అని విడుదల చేసుకున్నారు. మొల్ల రామాయణపు పద్ధతే ఇది, కవి స్థానంలో కథానాయకుడు కూర్చున్నాడంతే. ఆ పట్టిక బయట ఉన్న విద్యార్థి బృందానికి మాత్రం ఏ సర్దుబాటూ లేదు.

అయితే కర్తవ్యమేమిటి? నాటకం పేరు వేరు, సమాజం పేరు వేరు. కృతి పేరును ఉమ్మడి సొత్తుగా వదలుదాం. కృతి తర్వాత కృతిగా సాగే సమాజం పేరును, గ్రంథమాల పేరును, పత్రిక పేరును నిలబెట్టుకుందాం. వ్యక్తులకు, చిన్న సంస్థలకు ఆన్‌లైన్ దరఖాస్తు రుసుము ఒక్కొక్క తరగతికి 4,500 రూపాయలు. నమోదైతే 10 ఏళ్లు చెల్లుతుంది. ఒక్కడికి భారమే, సంఘానికి కాదు. ప్రతి ప్రకటనలో కృతి పేరు పక్కన కర్తల పేరు వేయాలి. తేదీ ఉన్న కరపత్రాన్ని, ఆహ్వానాన్ని, ప్రదర్శన ఫోటోను భద్రపరచాలి. ఎందుకంటే 1999 చట్టం 34వ సెక్షను ముందు నుంచీ ఎడతెగక వాడుతున్నవాణ్ణి తర్వాత రిజిస్టరు చేసుకున్నవాడు ఆపరాదంటున్నది. ఆ ముందు వాడుకకు సాక్ష్యం ఈ కాగితాలే.

అన్నిటికన్నా ముఖ్యమైనది మరొకటి ఉంది. ఎవరైనా ప్రజల మాటను నమోదు చేయబోతే, ఆ దరఖాస్తు ట్రేడ్‌మార్కుల జర్నలులో ప్రచురితమైన నాలుగు నెలల్లోగా 'ఎవరైనా' అభ్యంతరం చెప్పవచ్చునని 21వ సెక్షను. ఆ 'ఎవరైనా'లో మనమూ ఉన్నాం. ప్రతి శాఖలో ఇద్దరు విద్యార్థులు, ఒక ఉపాధ్యాయుడు ఆ జర్నలును చదివే పని పెట్టుకోలేరా?

మకుటమంటే కిరీటమని కూడా అర్థం. భాష ప్రజలది గనుక ఆ కిరీటం ఏ ఒక్కడి తలపైనా ఉండరాదు. కృతి కర్తలది గనుక వారి పేరు చెరగరాదు. ఈ రెండింటినీ కలిపి పట్టుకోగలిగిన నాడే చిన్న కళాకారుడు ఒంటరి కాకుండా ఉంటాడు.