డాబా మీది తీగ

మా డాబా మీద ఒక తీగ వున్నది. పొడవు అరవై ఆరు అడుగులు. నీళ్ళ ట్యాంకు పక్కన పాతిన వెదురుబొంగు దగ్గర బయలుదేరి పక్కింటివారి కొబ్బరిచెట్టు దాకా పోతుంది. కట్టిన మొదటిరోజునే మా శ్రీమతి దానికింద నిలబడి, తల పైకెత్తి చూసి, "దీనిమీద బట్టలు ఆరేసుకోవచ్చునా?" అని అడిగింది. కూడదన్నాను. "మరి దేనికీ?" అన్నది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పాలంటే 2024 ఆగస్టు 31వ తేదీ రాత్రి దగ్గర మొదలుపెట్టాలి.

ఆ రాత్రి కురిసిన వాన ఈ ప్రాంతాల వారెవరూ మరచిపోలేదు. నేనుండేది సూర్యాపేట. మా అక్కాబావలుండేది కోదాడ. మధ్య దూరం నలభై అయిదు కిలోమీటర్లకు అటూ ఇటూ. మామూలు రోజుల్లో గంటలోపు ప్రయాణం. పొద్దున పెట్టిన పచ్చడి సాయంత్రానికి ఆ ఇంట్లోంచి ఈ ఇంట్లోకి వచ్చేస్తుంది. ఆ రాత్రి పదిగంటలకు అక్క ఫోను చేసింది. "ఇంట్లకు నీళ్ళొచ్చినయి తమ్ముడూ. కరెంటు పోయింది. డాబా మీదికి ఎక్కుతున్నం" అన్నది. అంతే, మాట తెగిపోయింది. మళ్ళీ కలపబోతే ఫోను పనిచేయడం లేదన్న సమాధానం. తడిసిందో, నీళ్ళలో పడిందో!

తెల్లవారింది. బయలుదేరుదామంటే దారి లేదు. రామాపురం క్రాస్ రోడ్డు దగ్గర జాతీయ రహదారి మీదికి నీళ్ళు వచ్చాయన్నారు. నందిగామ దగ్గర మున్నేరు పొంగిందన్నారు. విజయవాడ పోయే బండ్లను మిర్యాలగూడ మీదుగా గుంటూరు దారికి మళ్ళిస్తున్నారన్నారు. నడిగూడెం మండలంలో సాగర్ ఎడమకాలువకు గండి పడిందన్నారు. అందరూ అన్నవాళ్ళే. అక్క బాగున్నదని చెప్పినవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. కోదాడలో ప్రాణాలు పోయాయన్న వార్త మధ్యాహ్నానికి వచ్చింది. ఎవరివో తెలిసేదాకా నేను కూర్చోలేదు.

సాయంత్రం అయిదింటికి ఎవరిదో తెలియని నంబరు నుంచి బావ మాట్లాడాడు. మనుషులు క్షేమం. అయితే అక్కకు షుగరు. రోజూ ఇన్సులిన్ పడాలి. మందున్న ఫ్రిజ్జు వంటింట్లో పక్కకొరిగి నీళ్ళలో తేలింది. డాబా మీద ఆరుగురున్నారు గాని ఎవరి దగ్గరా ఆ మందు లేదు. తరువాత తెలిసిన సంగతి యేమిటంటే, రెండు వీధుల అవతల ఒక మందుల దుకాణం యజమాని సరుకంతా ముందుచూపుగా మేడమీదికి చేర్చి కూర్చున్నాడు. మందు వున్నది, మనిషీ వున్నాడు. అడగడానికే దారి లేదు! అక్క ఆ తరువాత నాలుగురోజులు ఆసుపత్రిలో వుండి తేరుకున్నది. కాని "రెండు వీధులు" అన్న మాట నన్ను చాలాకాలం వదలలేదు.

కాలేజీ తెరిచాక తెలుగు క్లాసులో ఈ సంగతి చెప్పాను. పాఠం మధ్యలో సొంతగోడు వెళ్ళబోసుకోవడం మా లెక్చరర్లకు అలవాటే, పిల్లలు క్షమిస్తారు. గంట కొట్టాక ఒక కుర్రవాడు వెంటవచ్చాడు. ఫిజిక్సు విద్యార్థి. నా పాఠానికి ఆవులించని రోజు లేదు. సొంతవూరు మిర్యాలగూడ, తండ్రి రైసుమిల్లులో పనిచేస్తాడు. "సార్, ఆ డాబా మీద ఒక హామ్ వుంటే మందు దొరికేది సార్" అన్నాడు. హామీ అని విన్నాను. ఆ రోజుల్లో హామీలకేం కొదవ అనుకున్నాను కూడా. కాదట! హామ్. ఔత్సాహిక రేడియో నడిపేవాళ్ళను లోకమంతా అలా పిలుస్తుందట.

ఔత్సాహికమనగానే మనకు నాటక సమాజాలు గుర్తుకొస్తాయి. అద్దె మీసం జారిపోవడం, ప్రాంప్టరు గొంతు ముందువరుస దాకా వినిపించడం వగైరా. ఇది అలాంటిది కాదు. సర్కారువారి పరీక్ష ప్యాసుకావాలి. పన్నెండేళ్ళు నిండితే చాలు, కూర్చోవచ్చు. రేడియో సిద్ధాంతం, నిబంధనలు చదవాలి. పెద్ద తరగతి లైసెన్సు కావాలంటే మోర్సు చుక్కలూ గీతలూ కూడా నేర్వాలి. నెగ్గినవారికి ఒక సంకేతనామం ఇస్తారు. మన దేశంలో చాలామందివి వి.యు.2, వి.యు.3 అక్షరాలతో మొదలవుతాయి. దాంతో వ్యాపారం చేయకూడదు, పాటలు వేయకూడదు, రాజకీయం మాట్లాడకూడదు. లాభంలేని పనికి ఇన్ని కట్టుబాట్లా అంటారేమో, లాభం లేదు గనుకనే కాబోలు ఆ పని ఇంతకాలం నిలిచింది. కలకత్తాలో అమరేంద్ర చంద్ర గుప్తు ఇలాంటి రేడియో నడిపి నూరేళ్ళు దాటింది, అది 1921 నాటి మాట.

సెల్ ఫోను పలకాలంటే టవరు కావాలి, టవరుకు కరెంటో డీజిలో కావాలి, వెనక కేబులు తెగకుండా వుండాలి. హామ్ పెట్టెకు కారు బ్యాటరీ ఒకటి, నాలుగు బారల తీగ చాలు. మధ్యవర్తి లేడు. అందులోనూ ఒక చమత్కారం వున్నది. మా డాబా మీద కట్టిన తీగ కొలత ఏడు మెగాహెర్ట్జ్ తరంగాలకు సరిపోతుంది. ఆ తరంగాలు పైకి పోయి, ఆకాశంలో వందల కిలోమీటర్ల ఎత్తున సూర్యుడి కిరణాలకు విద్యుత్తు నిండిన పొరను తాకి, కిందికి వంగి వస్తాయి. తీగ మరీ ఎత్తున కాక డాబా ఎత్తునే వుంటే దాదాపు నిట్టనిలువుగా లేచి, చుట్టూ రెండుమూడు వందల కిలోమీటర్ల మేర వానజల్లులా పడతాయట. అంటే సూర్యాపేట నుంచి కోదాడ, మిర్యాలగూడ, హైదరాబాదు అన్నీ ఆ జల్లులోనే వున్నాయి. గుట్టలు అడ్డం రావు, వాగులు అడ్డం రావు.

"ఇదంతా పుస్తకంలో బాగుంటుంది" అన్నాను నేను, మాస్టరును గదా! కుర్రవాడు పోర్ట్ బ్లెయిర్ కథ చెప్పాడు. హైదరాబాదులో 1983లో జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ ఒకటి వెలిసింది. 2004 డిసెంబరులో ఆ సంస్థ తరఫున భారతీ ప్రసాద్ గారు ఒక బృందంతో అండమాన్ వెళ్ళారు. అక్కడ పదిహేనేళ్ళకు పైగా హామ్ గొంతు వినబడలేదు. అందుకని ప్రపంచం నలుమూలలనుంచీ హాములు ఆ దీవులను పలకరించడానికి పోటీలుపడ్డారు. అది సరదా ప్రయాణమే. 26వ తేదీ ఉదయం భూమి కంపించింది, సునామీ వచ్చింది. సరదాకు తెచ్చిన పెట్టెలే ఆ క్షణంనుంచి దీవులకు గొంతులయ్యాయి. ఫలానావారు బ్రతికేవున్నారని ప్రధాన భూభాగంలోని చుట్టాలకు కబురుపంపే పని వాటిమీద పడింది. హాములు కార్ నికోబార్ దాకా కూడా వెళ్ళారు. ఒక ఇంటికి "క్షేమం" అన్న రెండక్షరాలు చేరడమంటే యేమిటో నాకు వేరే చెప్పనవసరం లేదు. పందొమ్మిది గంటలు ఆ రెండక్షరాల కోసమే కూర్చున్నవాణ్ణి.

సంక్రాంతికి గంగాసాగర్ మేళాలో తప్పిపోయిన ముసలివాళ్ళను పశ్చిమబెంగాల్ హాములు ఇళ్ళకు చేరుస్తారని కూడా చెప్పాడు. నాకు వెంటనే మా దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర గుర్తుకొచ్చింది. రెండేళ్ళకొకసారి లక్షల జనం. మైకులో "ఎర్ర చొక్కా పిల్లవాడు" అని అరుస్తుంటే ఎర్రచొక్కా పిల్లలు పదిమంది తేలుతారు!

డబ్బు మాటేమిటని అడిగాను. ఇక్కడ కుర్రవాడి ముఖం వెలిగింది. విదేశీ పెట్టెలు వేలకు వేలు. కాని హైదరాబాదు వాస్తవ్యులు అష్హర్ ఫర్హాన్ గారు బిట్ఎక్స్ అనే పెట్టెకు నమూనా గీసి, ఎవరైనా చేసుకోవచ్చునని లోకానికి వదిలేశారు. మన బజార్లో దొరికే సామానుతోనే కావాలన్న పట్టుదల ఆయనది. ఒకచోట తీగచుట్టకు ప్రత్యేకమైన వలయం కావాలి, అది ఇక్కడ దొరకదు. నల్లాకు వేసే ప్లాస్టిక్ వాషరు మీద చుట్టమన్నారు! ఆ పెట్టెను ప్రపంచంలో ఎన్నోదేశాలవారు చేసుకున్నారు. బంజారా హిల్స్‌లో లామకాన్ అనే సాంస్కృతిక వేదిక వున్నది చూశారూ, అక్కడొక హామ్ క్లబ్బు కూడుతుంది. మా వాడు బస్సెక్కి అక్కడికి పోయి వస్తున్నాడు. నాటకాలూ కవిసమ్మేళనాలూ జరిగేచోట సోల్డరింగు పొగ! తెలుగు మాస్టరుగా నాకిది కొంచెం గర్వంగానే తోచింది.

ఇక నా పరాభవం. ఒక ఆదివారం మా వరండాలో నలుగురు కూడారు. ఈ కుర్రవాడు, కోదాడ పిల్లవాడొకడు, మిర్యాలగూడ నుంచి ఒక అమ్మాయి, సూర్యాపేటలో టీవీలు బాగుచేసే పెద్దమనిషి ఒకరు. పరీక్షకు చదువుకుంటున్నారు. లైసెన్సు రానిదే ఎవరూ మాట్లాడరాదు గనుక ప్రస్తుతం వినడమే. ఆ అమ్మాయి నాకొక కాగితం ఇచ్చి, "సార్, అక్కవాళ్ళు డాబా మీదున్నరు, మీరు సహాయం అడగాలి, రాయండి" అన్నది. రాశాను. అరవై మాటలైంది. "జలదిగ్బంధంలో" అన్న సమాసం దగ్గర నాకే ముచ్చటేసింది. అమ్మాయి చదివి, పెన్నుతీసి కొట్టేస్తూ పోయింది. చివరికి మిగిలింది ఇది: "కోదాడ. ఫలానా వీధి, ఫలానా ఇల్లు. డాబా మీద ఆరుగురు. ఒకరికి ఇన్సులిన్ కావాలి. దారి లేదు."

"విన్నవాళ్ళు దీన్ని తిరిగి మనకు చదివి వినిపించాలె సార్. తప్పుపోతే సరిచేస్తం. జలదిగ్బంధం గోలలో వినబడదు" అన్నది. ఇరవై యేళ్ళుగా వ్యాసరచన బోధిస్తున్నవాణ్ణి. ఆ కాగితం ఇంకా నా బల్లమీదనే వున్నది.

"అందరి చేతుల్లో ఫోనులుండగా ఇదెందుకండీ?" అని మా వీధిలో ఒక పెద్దాయన నన్ను నిలదీశారు. ఇది గూఢచారుల వ్యవహారమేమోనని ఆయనకొక అనుమానం. లైసెన్సు సంగతి చెబితే సగం తగ్గారు. ఆయన ప్రశ్న న్యాయమైనదే. మూడువందల అరవై రోజులు ఈ తీగకు పనిలేదు. కాని పనిబడిన రాత్రి కొనితెచ్చుకుందామంటే దొరికే సరుకు కాదిది. దొరికినా, మీట ఎక్కడున్నదో వెతుక్కునే చేతికి అది పనికిరాదు. రోజూ సాయంత్రం ఊసుపోక మాట్లాడుకునేవాడే ఆ రాత్రి గొంతు వణకకుండా మాట్లాడగలడు. అంచేత ఈ పిల్లల కాలక్షేపాన్ని నేను కాలక్షేపంగానే కాపాడదలచాను. వాళ్ళు ఉండ్రుగొండ గుట్ట మీదినుంచి ఎంతదూరం వినబడుతుందో అని లెక్కలు వేస్తున్నారు. మూడు వూళ్ళకూ కలిపి ఒక క్లబ్బు పెట్టాలని వాళ్ళ ఆలోచన. పేరు పెట్టమని నన్నడిగారు. పొడుగు సమాసం వద్దని ముందే షరతు.

మొన్న రాత్రి కుర్రవాడు పెట్టె ముందు కూర్చుని చెవికి గొట్టాలు తగిలించుకున్నాడు. చాలాసేపు హోరు. హఠాత్తుగా నాకిచ్చి వినమన్నాడు. ఎవరో పెద్దమనిషి, ఎక్కడినుంచో, తన వూళ్ళో వాన లేదనీ, కీళ్ళనొప్పులు మాత్రం తగ్గలేదనీ ఇంగ్లీషులో ఇంకొకాయనకు నెమ్మదిగా చెప్పుకుంటున్నాడు. ఇంతేనా అనిపించింది. అయినా లేవలేదు. పది నిమిషాలు ఆ కీళ్ళనొప్పులే విన్నాను.

ఈ సంగతి అక్కకు ఫోనులో చెప్పాను. అంతా విని, "కరెంటు లేకున్నా పలుకుతదా అది?" అని అడిగింది. పలుకుతుందన్నాను.

"అయితే ఆ పిల్లగాన్ని ఆదివారం మా ఇంటికి తోలియ్యి తమ్ముడూ. మా డాబా మీద గూడ జాగా వున్నది. అన్నం ఇక్కడనే తినమను" అన్నది.