రంగాపాని దుర్ఘటన: చీటియు, వివేకమును

2024 జూన్ 17న పశ్చిమ బెంగాలులో రంగాపాని చేరువ నొక గూడ్సుబండి కాంచనజంగా ఎక్స్‌ప్రెస్సును వెనుకనుండి ఢీకొనగా 10 మంది మరణించిరి. వారిలో నొకడగు గూడ్సు డ్రైవరుపైననే అధికారులు తొలుత నేరము మోపిరి. రైల్వే భద్రతా కమిషనరు విచారణలో వేఱొక సంగతి వెల్లడియైనది. ఆ యుదయము ఆటోమాటిక్ సిగ్నళ్లు చెడియుండగా, ఎఱ్ఱదీపములను దాటిపోవచ్చునని డ్రైవర్లకు చీటీలిచ్చిరి. ఎంత వేగమున పోవలెనో అందు వ్రాయరైరి. సిరా కఱవా? ఆ దారిని పోయిన బండ్లలో, ప్రతి సిగ్నలుకడను నిమిషమాగి, గంటకు 15 కిలోమీటర్లు మించక నడచినది కాంచనజంగా యొక్కటియే. నియమము పాటించిన బండియే దెబ్బతినెను! నియమములు వలదని మేమనము. రెండు స్టేషన్ల నడుమ ఒకసారి కొక్క బండినే పంపు పద్ధతియు ఆ నిబంధనలలోనే కలదు. దాని నవలంబింపక, చీటీ చేతికిచ్చితిమి గదా యని యూరకున్నవారు, చనిపోయినవానిని నిందించుట యెట్టి న్యాయమో చెప్పవలెను.