నచ్చిన తీర్మానం, నచ్చని తీర్మానం

బస్తర్‌లో గ్రామసభ మాటకు విలువ ఉందా అని అడిగితే సర్కారు దగ్గర రెండు జవాబులు దొరుకుతాయి. సభ సాటి మనిషిని ఊళ్లోకి రావద్దంటే ఆ మాటకు విలువ ఉంది. సర్కారునే రావద్దంటే లేదు.

2014 మే నెలలో బస్తర్ జిల్లా తోకాపాల్ బ్లాకులోని సిరిస్‌గూడ గ్రామసభ ఒక తీర్మానం చేసింది. హిందూయేతర మతాల ప్రార్థనలు, సభలు, ప్రచారం ఊళ్లో జరగకూడదన్నది దాని సారాంశం. ఛత్తీస్‌గఢ్ పంచాయతీరాజ్ చట్టంలోని 129(జి) సెక్షన్‌ను ఆధారంగా చూపారు. చూస్తుండగానే మరిన్ని ఊళ్లు అదే బాట పట్టాయి. క్రైస్తవ సంఘాలు కోర్టుకెక్కాయి. ఆ తీర్మానాలు ప్రాథమిక హక్కులకు అడ్డు రాకూడదని 2015లో రాష్ట్ర హైకోర్టు స్పష్టం చేసింది. అక్కడితో ఆ కథ కంచికి చేరాల్సింది.

చేరలేదు. 2025లో బస్తర్ డివిజన్‌లోనే ఉన్న కాంకేర్ జిల్లాలో ఊరి పొలిమేరల్లో పెద్ద పెద్ద బోర్డులు లేచాయి. ఆదివాసీ ప్రాంతాలకు రక్షణలిచ్చే రాజ్యాంగంలోని ఐదో షెడ్యూలు, అక్కడి గ్రామసభలకు అధికారాలిచ్చే పెసా చట్టం పేర్లు చెప్పి, పాస్టర్లకు, మతం మారినవాళ్లకు ఈ ఊళ్లోకి ప్రవేశం లేదని వాటి మీద రాశారు. వ్యవహారం మళ్లీ హైకోర్టుకు వెళ్లింది. బలవంతంగానో ఆశ చూపించో మతం మార్చడాన్ని ఆపేందుకు బోర్డు పెడితే రాజ్యాంగ విరుద్ధం కాదని ఆ ఏడాది అక్టోబరులో ధర్మాసనం చెప్పింది. అభ్యంతరాలుంటే పెసా నిబంధనల కింద చెప్పుకొమ్మంది. తీర్పును గౌరవిస్తూనే ఒక మాట అడగాలి. వచ్చినవాడు బలవంతం చేయడానికి వచ్చాడో, చుట్టాన్ని చూడటానికి వచ్చాడో బోర్డుకు ఎలా తెలుస్తుంది? నేరాన్ని ఆపాలంటే చట్టం ఉంది. ఈ బోర్డు ఆపేది మనిషిని.

సంప్రదాయాలను కాపాడుకునే హక్కు ఆదివాసులకు లేదా అని కొందరు అడుగుతారు. ఉంది. 1996 నాటి పెసా చట్టం ఇచ్చినదే అది. అయితే రాజ్యాంగం పన్నెండో అధికరణ ప్రకారం స్థానిక సంస్థలు కూడా ‘రాజ్యం’లో భాగమే. ఢిల్లీ చేయకూడని పని పంచాయతీ కూడా చేయకూడదు. ఊరంతా చేతులెత్తినా సరే, పొరుగింటివాడి ప్రార్థనను నిషేధించే అధికారం ఊరికి రాదు.

ఇక రెండో జవాబు సంగతి. 2021 మే నెలలో సుక్మా జిల్లా సిల్గేర్‌లో రాత్రికి రాత్రి భద్రతా బలగాల క్యాంపు వెలిసింది. గ్రామసభను ఒక్క మాటైనా అడగలేదంటూ చుట్టుపక్కల ఊళ్ల నుంచి వేల మంది వచ్చి కూర్చున్నారు. మే 17న కాల్పులు జరిగాయి. ముగ్గురు చనిపోయారు. తొక్కిసలాటలో గాయపడిన గర్భిణి తర్వాత కన్నుమూసింది. ఆందోళనకు దిగినవాళ్లను మావోయిస్టులు ఉసిగొల్పారని పోలీసులు, మేం క్యాంపు వద్దని చెప్పడానికే వచ్చామని ఊరివాళ్లు. ఆ ఆందోళనలోంచి మూల్‌వాసీ బచావో మంచ్ పుట్టింది. సర్కారు ఏ పార్టీదైనా కావచ్చు, వినే చెవి మాత్రం లేదు. సిల్గేర్ నాటికి రాష్ట్రంలో కాంగ్రెస్ సర్కారు. 2024 అక్టోబరు 30న మంచ్‌ను చట్టవిరుద్ధ సంస్థగా ప్రకటించింది బీజేపీ సర్కారు. చూపిన కారణం చదవండి: అభివృద్ధి పనులను, భద్రతా క్యాంపుల నిర్మాణాన్ని వ్యతిరేకించడం, జనాన్ని రెచ్చగొట్టడం. క్యాంపు వద్దనడమే నేరమైతే గ్రామసభ దేనికి?

ఈ నిషేధానికి వాడిన ఆయుధం 2005 నాటి ఛత్తీస్‌గఢ్ ప్రత్యేక ప్రజా భద్రతా చట్టం. నోటి మాట, రాత, సైగ అన్నీ అందులో ‘చట్టవిరుద్ధ చర్య’ కిందికి రావచ్చు. పాలనకు అడ్డు తగిలే ‘ధోరణి’ ఉంటే చాలు. ధోరణిని కొలిచే తక్కెడ ఠాణాలో ఉంటుంది. బీజాపూర్ జిల్లా బాసగూడలో ఉంటూ ‘దేశబంధు’ హిందీ పత్రికకు వార్తలు రాసిన సాయిరెడ్డిని 2008లో ఈ చట్టం కిందే మావోయిస్టుల మనిషి అంటూ జైల్లో పెట్టారు. 2013 డిసెంబరులో అదే సాయిరెడ్డిని మావోయిస్టులు బాసగూడ సంతలో నరికి చంపారు. ఇద్దరికీ ఆయన పరాయివాడే. బస్తర్‌లో మాట్లాడేవాడి బతుకు ఎట్లా ఉంటుందో చెప్పడానికి ఈ ఒక్క పేరు చాలు.

గనుల సంగతికొస్తే సర్కారుకు గ్రామసభ మీద ప్రేమ మళ్లీ పుట్టుకొస్తుంది. బైలాడిలాలోని 13వ నంబరు ఇనుప ఖనిజ నిక్షేపంలో తవ్వకానికి హిరోలి గ్రామసభ 2014లోనే ఒప్పుకుందని కాగితం చూపించారు. అసలు అలాంటి సభే జరగలేదని ఊరివాళ్లు మొత్తుకున్నారు. 2019 జూన్‌లో వేల మంది ఆదివాసులు కిరందుల్‌లో గనుల సంస్థ ఎన్ఎండీసీ ఎదుట రోజుల తరబడి బైఠాయిస్తే గానీ విచారణకు ఆదేశాలు రాలేదు.

పక్క రాష్ట్రంలో ఇందుకు భిన్నమైన దారి ఉంది. ఒడిశాలోని నియమగిరిలో బాక్సైటు తవ్వాలా వద్దా అన్నది గ్రామసభలనే తేల్చమని 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. పన్నెండు పల్లెల్లో, జిల్లా జడ్జి స్థాయి న్యాయాధికారి పరిశీలకుడిగా ఉండగా, ఒక్కొక్కరే లేచి తమ మాట చెప్పారు. పన్నెండు సభలూ వద్దన్నాయి. తవ్వకం ఆగింది. ఆ తీర్మానాలు ఎవరి నోరూ మూయలేదు. ఊరు తన నేల గురించి తాను మాట్లాడింది, అంతే.

గ్రామసభ హద్దు అక్కడే గీయాలి. అడవి, గని, క్యాంపు లాంటి ఊరి ఉమ్మడి విషయాల్లో దాని మాటను సర్కారు వినాలి. ఒక మనిషి విశ్వాసం, ఒక మనిషి మాట దాని పరిధిలోవి కావు. ఇప్పుడు బస్తర్‌లో జరుగుతున్నది దీనికి సరిగ్గా తలకిందులు.

ఇది మనకు దూరపు ఊసు కాదు. భద్రాచలం, చింతూరు, పాడేరు ఏజెన్సీలూ ఐదో షెడ్యూలు నేలే. రేపు మన దగ్గర గ్రామసభ తీర్మానం అంటూ ఎవరైనా కాగితం తెస్తే రెండు ప్రశ్నలు అడగండి. ఆ సభ నిజంగా జరిగిందా? ఆ తీర్మానం ఊరికి నోరిచ్చిందా, ఊళ్లో ఒకడి నోరు నొక్కిందా? రెండింటికీ సరైన జవాబు వస్తేనే అది గ్రామసభ. లేకపోతే ఉత్త స్టాంపు.