మన మురుగు లెక్క వాళ్ల సదస్సుల్లోనా?

2022లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో, 2024లో కెనడాలోని మాంట్రియల్‌లో శాస్త్రవేత్తలు అంతర్జాతీయ సదస్సులు పెట్టిండ్రు. మందులకు లొంగని క్రిములు నీళ్లల్ల, మట్టిల ఎట్లా పెరుగుతున్నయన్నదే చర్చ. ఆ చర్చకు మన పటాన్‌చెరు కొత్త కాదు. అక్కడి మురుగు లెక్కను గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్త జోకిమ్ లార్సన్ బృందం 2007లోనే బయటపెట్టింది. దాదాపు 90 మందుల కంపెనీల మురుగును 'శుద్ధి' చేసి వదిలిన నీళ్లల్ల లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్! మందు మింగిన రోగి రక్తంలో కూడా అంత ఉండదు. అప్పట్ల ఆ నీళ్లు పోయింది ఇసుకవాగులకు, నక్కవాగులకు.

ఆ మందునీళ్లల్ల బతకనేర్చిన క్రిమి రేపు మన బిడ్డ ఒంట్ల చేరితే ఏ గోలీ పనిచెయ్యది.

మురుగుల మందుకు హద్దు పెడతమని 2020 జనవరిలో కేంద్రం ముసాయిదా తెచ్చింది. 2021 ఆగస్టు నాటి తుది నోటిఫికేషన్‌లో ఆ హద్దులే మాయం! 2024లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది. కానీ అవి చట్టం కాదు.

నీళ్ల కోసం కొట్లాడినం, 2014లో రాష్ట్రం తెచ్చుకున్నం. వాటా అంటే టీఎంసీలేనా? మంచినీళ్లు కాదా? ఏ కంపెనీ మురుగుల ఎంత మందు పోతున్నదో నెలనెలా కొలిచి ఊరి పంచాయతీ గోడ మీద రాయాలె. విద్యార్థులారా, ఉద్యోగులారా, మన లెక్క మనమే అడుగుదాం!