కరువు సీమలో సముద్రాలు

గోదావరి ముఖాల దగ్గర బెస్త ఊళ్ల పేర్లు వినండి: బలుసుతిప్ప, భైరవపాలెం, చినమైనవానిలంక. తిప్ప, లంక, దిబ్బ, పాలెం, మొగ అంటూ కాలికి తగిలే చిన్న గుర్తులతోనే ఆ పేర్లు కుదురుకున్నాయి. కళ్లెదుట ఉన్నది సముద్రమే అయినా ఊరి పేరులోకి అది రావడం అరుదు. తీరానికి రెండు వందల కిలోమీటర్లకు పైగా ఎడంగా, ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానతో బతుకీడ్చే అనంతపురం పీఠభూమి మీద మాత్రం బుక్కరాయసముద్రం ఉంది, బ్రహ్మసముద్రం ఉంది. రెండూ ఇవాళ మండల కేంద్రాలు. జిల్లా పేరుకు మూలమైనది కూడా చెరువు కట్ట పక్కన వెలిసిన అనంతసాగరం అనే ఊరే. దీనికి అందరూ సులువుగా చెప్పే కారణం ఒకటుంది: లేనిదాన్ని తలుచుకుని పేరు పెట్టుకున్నారని, నీళ్లు లేని సీమ నీళ్లను పేర్లలో దాచుకుందని. వినడానికి బాగానే ఉంటుంది గానీ అది నిజం కాదు. ఇవి ఆశపడి పెట్టుకున్న పేర్లు కావు. పని పూర్తయ్యాక, కట్ట నిలబడ్డాక, తూము కింద మడి తడిసాక పడిన పేర్లు. ఈ నేలలో ఊరి పేరంటే ఒక నీటి పనికి రాసిన దస్తావేజు. దాన్ని అలాగే చదవాలి.

విజయనగరపు తొలి రోజుల్లో, మొదటి బుక్కరాయల కాలంలో, ఆయన దగ్గర మంత్రిగా ఉన్న చిక్కప్ప ఒడెయరు పండమేరు వాగుకు అడ్డంగా కట్ట వేయించాడని ఇక్కడి చరిత్ర చెబుతుంది. ఆ కట్టకు ఒక చివర ఏలిక పేరుతో బుక్కరాయసముద్రం, రెండో చివర అనంతసాగరం వెలిశాయి. అనంత అన్నది రాణి పేరా, మంత్రి ఇంటి ఇల్లాలి పేరా అన్న దగ్గర కథనాలు చీలిపోతాయి. కట్ట ముందు, ఊరు తరువాత అన్న విషయంలో మాత్రం ఏ కథనానికీ పేచీ లేదు. ఇదే కాలానికి పొరుగున కడప సీమలో రాతి సాక్ష్యం ఉంది. బుక్కరాయల కొడుకు భాస్కరుడు పోరుమామిళ్లలో తవ్వించిన చెరువుకు అనంతరాజసాగరం అని పేరు పెట్టి 1369లో శాసనం వేయించాడు. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, రాకూడని ఆరు దోషాలను అందులో చెక్కించాడు. వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు రెండేళ్లపాటు పనిచేసిన సంగతీ అందులోనే ఉంది. కట్టకు తగిన రాయి దొరుకుతుందా, నేల ఎలాంటిది, ఏ నది నీళ్లు చేరతాయి అని లెక్కలు కట్టుకున్న మనుషులు సాగరం అన్న మాటను ఊరికే వాడరు. ధర్మవరం చెరువును క్రియాశక్తి ఒడెయరు తల్లి ధర్మాంబ పేరున కట్టించాడనీ, ఊరి పేరు అలా వచ్చిందనీ చెబుతారు. పేరు మారినా వరస అదే.

ఇదంతా రాజుల కీర్తికాంక్ష కాదా, మట్టి మోసినవాళ్ల పేరు ఒక్క ఊరికైనా ఉందా అని అడిగేవారు ఉంటారు. న్యాయమైన ప్రశ్న. తటాకాన్ని సప్త సంతానాల్లో ఒకటిగా లెక్కపెట్టిన సమాజంలో చెరువుకు తన పేరు పెట్టుకోవడం కొడుక్కి వంశనామం ఇవ్వడంతో సమానం. అందులో కాంక్ష లేదని ఎవరూ అనలేరు. కానీ ఆ కాంక్షకు ఒక బాధ్యత ముడిపడి ఉండేది. చెరువు కట్టినవాడికో, దాన్ని బాగుచేసి కాపాడేవాడికో దశబంధం కింద మాన్యం ఇచ్చే పద్ధతి ఈ సీమంతటా నడిచింది. పూడిక తీయకపోయినా, కట్ట గండి పడినా మాన్యానికి అర్థం పోతుంది, దాంతోపాటు పేరుకూ మచ్చ వస్తుంది. పేరు పెట్టుకున్నవాడు జవాబుదారీ అయ్యే ఏర్పాటు అది.

మట్టి మోసినవాళ్ల పేరు మాటకొస్తే, దానికి జవాబు కూడా బుక్కరాయసముద్రంలోనే దొరుకుతుంది. ఊరికి రాయల పేరుంటే, చెరువు కట్టను జనం పిలిచేది ముసలమ్మ కట్ట అని. కుండపోతగా వాన పట్టి, కట్ట తెగబోతుంటే, కాపు ఇంటి చిన్న కోడలు ముసలమ్మ ఊరి కోసం గండిలోకి నడిచిందన్నది కథ. సి.పి. బ్రౌన్ 1853లో అచ్చు వేయించిన అనంతపుర చరిత్రలో అది ఉంది. కట్టమంచి రామలింగారెడ్డి విద్యార్థిగా ఉన్నప్పుడే దాన్ని తీసుకుని ‘ముసలమ్మ మరణం’ కావ్యం రాశాడు. ఆధునిక తెలుగు కావ్యాల గురించి మాట్లాడేటప్పుడు ఆ పుస్తకాన్ని తలవనివారు లేరు గానీ, దాని పునాది ఒక కట్ట పేరు అన్న సంగతి అంతగా గుర్తు చేసుకోరు. ఆ బలి నిజంగా జరిగిందా అన్నది నాకు ఇక్కడ ముఖ్యం కాదు. కట్ట తెగితే పోయేది ఎవరి బతుకో, దాన్ని నిలబెట్టడానికి ఎవరి ప్రాణాన్ని అడుగుతారో జనానికి బాగా తెలుసు. రాజు పేరు ఊరికి వదిలిపెట్టి, నీటిని ఆపే మట్టికి మాత్రం వాళ్లు కోడలి పేరు పెట్టుకున్నారు. ఒకే నీటి మీద రెండు పేర్లు, రెండు రకాల జ్ఞాపకం. రెవెన్యూ దస్త్రంలో ఉన్నది మొదటిది మాత్రమే.

పేర్లను సాక్ష్యంగా తీసుకుంటే పుక్కిటి పురాణాలన్నీ చరిత్రలోకి దూరుతాయన్న అభ్యంతరం మరింత గట్టిది. ‘లే పక్షీ’ అని రాముడు జటాయువుతో అన్నందుకే లేపాక్షి అయిందంటారు. శింగనమలకు ఋష్యశృంగుణ్ణి ముడిపెడతారు. ఇవి పేరు వినపడ్డ తీరును బట్టి పుట్టిన కథలు. ఆ స్థలం మీద జనానికున్న భక్తిని చెబుతాయి, పుట్టుకను చెప్పవు. పైగా పేర్లను సంస్కృతం వైపు మళ్లించే అలవాటు మనకు పాతదే. నొళంబుల రాజధానిని శాసనాలు హెంజేరు అన్నాయి, మనం హేమావతి అంటున్నాం. కనుక జాగ్రత్త తప్పనిసరి. అయితే ఊరి పేరులో చివరి భాగాన్ని కాలినడకన వెళ్లి సరిచూసుకోవచ్చు. నల్లచెరువు, కొత్తచెరువు, ఓబుళదేవరచెరువు అంటే చెరువు ఉండాలి. ఉరవకొండకు కొండ ఉండాలి. డి.హీరేహాళ్, బొమ్మనహాళ్ అన్న పేర్లలో హాళ్ వినపడితే, రాష్ట్రాల సరిహద్దు ఎక్కడ గీసినా కన్నడం ఎంత లోపలిదాకా ఊళ్లు కట్టుకుందో తెలుస్తుంది. కేతు విశ్వనాథరెడ్డి కడప జిల్లా ఊళ్ల పేర్ల మీద పరిశోధన చేసి, పేర్ల చదువు ఊహాగానం కానక్కర లేదని చాలాకాలం కిందటే చూపించారు. అనంతపురానికి అంత ఓపికగా కూర్చునేవాళ్లు ఇంకా కావాలి.

ఇప్పుడు జరుగుతున్నది చూడండి. బస్సు బోర్డు మీద బుక్కరాయసముద్రం బి.కె.సముద్రం అయింది. ఓబుళదేవరచెరువు ఓ.డి.చెరువు అయింది. నోటికి సులువు కోసం పొడి అక్షరాలు రావడం సహజమే, దానికి ఎవర్నీ తప్పుపట్టను. అంతకన్నా లోతైన మార్పు ఇంకొకటుంది. పూర్వం చెరువు పేరు ఊరికి వచ్చేది. ఇప్పుడు హంద్రీ–నీవా ఎత్తిపోతల పథకం కింద కట్టిన జీడిపల్లి, గొల్లపల్లి, చెర్లోపల్లి జలాశయాలు ఊళ్ల పేర్లు తెచ్చుకుని పెట్టుకున్నాయి. కృష్ణ నీళ్లు ఈ ఎత్తుకు ఎక్కిరావడం చిన్న విషయం కాదు, ఎంత పొగిడినా తక్కువే. కానీ ఆ నీటికి ఇక్కడి మనుషులు ఇంకా తమ పేరు పెట్టుకోలేదు. అది ప్రాజెక్టు నీళ్లుగానే ఉంది.

పేర్లు మారకూడదా అంటే, మారవచ్చు. దత్తమండలాలు, అంటే ఇచ్చేసిన ప్రాంతాలు, అన్న అవమానకరమైన మాటను 1928లో నంద్యాల సభలో పక్కన పెట్టి రాయలసీమ అన్న పేరు తెచ్చుకున్నది మనమే. దాన్ని సూచించిన చిలుకూరి నారాయణరావు అనంతపురం కళాశాలలో పాఠం చెప్పినవాడే. పాత పేరు ఏం చెబుతోందో పూర్తిగా తెలిసి, దాన్ని కాదని మార్చుకున్నారు. నాకు బాధ కలిగించేది చదవకుండానే పారేయడం.

అందులోనూ ముందు పోయేవి చిన్న పేర్లు. మండలం పేరు గెజెట్‌లో ఉంటుంది. మరవ కింది చేనుకు, తూము పక్క మడికి, వంక మలుపుకు, పూడిపోయిన కుంటకు ఉన్న పేర్లు ఏ గెజెట్‌లోనూ ఉండవు. 2020 చివర్లో మొదలైన భూముల రీసర్వేతో పాత సర్వే నంబర్ల చోట ఎల్.పి.ఎం. (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి, చేలకున్న వాడుక పేర్లు ఆ నంబర్లలోనూ లేవు, ఈ నంబర్లలోనూ లేవు. వాటిని నోటితో చెప్పగలిగినవాళ్లు నీరుగంటి పని చేసినవాళ్లు, గొర్రెలు కాసినవాళ్లు, కూలికి పోయిన ఆడవాళ్లు. తెలుగు శాఖల అధ్యాపకులు తమ విద్యార్థులకు ఈ వేసవిలో ఒక్కో చెరువు ఆయకట్టును ఇచ్చి, ఆ పేర్లు వారి నోట విన్నది విన్నట్టు రాయించమని కోరుతున్నాం. ఎవరు చెప్పారో, ఏ చేను గురించో కూడా రాయాలి. మొదట పట్టణాల అంచున ఉన్న చెరువులతో మొదలుపెట్టండి. ప్లాట్ల రాళ్లు అక్కడే ముందు దిగుతున్నాయి. ఇక్కడ చెరువే లేదని ఎవరైనా వాదించిన రోజున, ఆ నేలకు కుంట అన్న పేరు ఉండేదని కాగితం మీద చూపించగలగాలి. వచ్చిన జాబితాలను కుదించకుండా అచ్చు వేస్తాం.