లారీ ఆపవలసింది ఎవరు?



కార్తీకం, మార్గశిరం వచ్చాయంటే మన ప్రాంతంలో భయం చలికి కాదు, నీళ్లకు. ఆ నీళ్లలో లారీ నడపాలా, నిలపాలా అన్నది డ్రైవరే తేల్చాలి. నిలిపినందుకు అతని బత్తా తెగకూడదు.

2023 డిసెంబరు 17, 18 తేదీలను ఎవరూ మరిచిపోలేదు. కాయల్‌పట్టినంలో 24 గంటల్లో 95 సెంటీమీటర్ల వాన. తామ్రపర్ణి పొంగి తూత్తుకుడి దారులు తెగిపోయాయి. ఆ రాత్రి తిరుచెందూరు నుంచి చెన్నైకి బయలుదేరిన రైలును శ్రీవైకుంఠం స్టేషనులో నిలిపేశారు. సుమారు 800 మంది ప్రయాణికులు. ముందు పట్టాల కింద కంకర కొట్టుకుపోయింది. రెండు రోజులు ఆకలితో చిక్కుకున్నారు గాని, ప్రాణాలతో బయటపడ్డారు. రైలుకు సిగ్నలుంది, స్టేషను మాస్టరున్నాడు. లారీకి ఏముంది? ‘ఎక్కడున్నావు, ఇంకా రాలేదేం’ అనే ఫోను.

వాతావరణ శాఖ రెడ్ అలర్ట్ ఇచ్చిన రోజు ఆపితే చాలదా అంటారు కొందరు. ఆ రోజు గేటులో లోడు ఎక్కించనే కూడదు, నిజమే. కాని రెడ్ అలర్ట్ అంటే 20 సెంటీమీటర్లకు మించి పడవచ్చునని మాత్రమే. 95 పడుతుందని ఎవరు చెప్పారు? విరుదునగరంలో ఎండ కాస్తుంటే సాత్తూరు దగ్గర వైప్పారులో వరద రావచ్చు. కాజ్‌వే మీద రోడ్డు అంచు కనబడుతోందో లేదో చూసేది స్టీరింగు పట్టుకున్నవాడొక్కడే. కనబడకపోతే ఆపాలి, అంతే.

చట్టం సంగతి చూడండి. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటల పని అంది. ప్రకృతి వైపరీత్యం వస్తే అంతకు మించి చేయించుకోవచ్చునని అదే సెక్షనులో యజమానికి వెసులుబాటూ ఇచ్చింది! 2020 నాటి వృత్తి భద్రతా కోడ్, ప్రాణాపాయం ఉందనిపిస్తే యజమానికీ ఇన్‌స్పెక్టరుకూ తెలియజేయవచ్చునంది. నడిరాత్రి నీళ్ల మధ్య ఏ ఇన్‌స్పెక్టరును వెతకాలి?

ఇక మన సంగతి. తూత్తుకుడి హార్బరు నుంచి పత్తి బేళ్లు రాకపోతే మనకు లే-ఆఫ్, అంటే సగం జీతం. అందుకే లారీ ఆలస్యమైతే గేటు దగ్గర మనవాళ్లే డ్రైవరు మీద విసుక్కుంటారు. ఆ కోపం చూపవలసింది వానకాలానికి ముందే గోడౌనులో పత్తి నిల్వ పెట్టుకోని యాజమాన్యం మీద.

డ్రైవర్లు మన సభ్యులు కారు, కాంట్రాక్టరు మనుషులు. అయినా లోడు ఎక్కేదీ దిగేదీ మన గేటులోనే. కాబట్టి వచ్చే వేతన చర్చల్లో ఈ సంగతీ పెడుతున్నాం. వానకు ఆగిన ప్రతి రోజుకూ హాల్టింగు బత్తా మిల్లే ఇవ్వాలి, ఆలస్యానికి బాడుగలో కోత ఉండకూడదు. బత్తా క్లీనరుకు కూడా. అతణ్ణి అందరూ మరిచిపోతారు.