‘వద్దు’ అన్న తరువాత

గత మాసం అసర్ నమాజు ముగించుకుని కూర్చున్న వేళ అమెరికాలోని టెక్సాస్ నుండి మాకొక ఫోను వచ్చింది. మాట్లాడినవాడు బాల్యంలో మా వద్ద ఖుర్ఆన్ పారాయణం నేర్చుకున్న శిష్యుడు. “హజ్రత్! మా అమ్మాయి ప్రామ్‌కు వెళ్తానంది. హరామ్ అని ఒక్క మాటతో ఆపేశాను. మూడు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. నేను చేసింది తప్పా?” అని అడిగాడు.

జవాబు చెప్పే ముందు ఆ ప్రామ్ సంగతి మేము తెలుసుకున్నాము. అక్కడ హైస్కూలు పన్నెండవ తరగతితో ముగుస్తుంది. పై రెండు తరగతుల విద్యార్థుల కోసం వేసవి సెలవులకు ముందు జరిపే విందు, నృత్యసభ అది. 19వ శతాబ్దం చివర కళాశాలల్లో మొదలై, తరువాత హైస్కూళ్లకు వ్యాపించింది. అమ్మాయిలు పొడవాటి గౌన్లు, అబ్బాయిలు సూట్లు ధరిస్తారు. జంటగా వచ్చిన అబ్బాయి అమ్మాయి మణికట్టుకు పూలు తొడుగుతాడు. చివరకు ఒక ‘రాజు’కు, ఒక ‘రాణి’కి కిరీటాలు పెడతారు.

స్త్రీ పురుషులు కలిసి నర్తించే సభకు మన ధర్మంలో చోటు లేదు. ఇందులో మాకు సందేహం లేదు. అయితే ఆ బిడ్డ దుఃఖం దేనికి? ఏళ్ల తరబడి కలిసి చదివిన స్నేహితురాళ్లు మరికొన్ని వారాల్లో తలొక ఊరికి వెళ్లిపోతారు. ఆ రాత్రి వారి వీడ్కోలు. రేపు అందరూ చూసుకునే ఛాయాచిత్రాల్లో తానొక్కతే ఉండదు. తండ్రి చెప్పిన ఒక్క మాట ఈ వెలితిని పూరించలేదు.

మిషిగన్ రాష్ట్రంలో డెట్రాయిట్ నగరం మధ్య హామ్‌ట్రామక్ అనే చిన్న పట్టణముంది. యెమెన్, బంగ్లాదేశ్‌ల నుండి వచ్చిన కుటుంబాలు అక్కడ ఎక్కువ. 2012లో అక్కడి హైస్కూలు ముస్లిం బాలికలు అమ్మాయిలకు మాత్రమే ఒక ప్రామ్ ఏర్పాటు చేసుకున్నారు. తినుబండారాలు అమ్మి సొమ్ము కూడబెట్టారు. ఇతర మతాల సహాధ్యాయినులు కూడా వచ్చారు. పరపురుషులు లేని ఆ హాలులో వారు హిజాబు తీసి, ముస్తాబై, నిశ్చింతగా సంతోషించారు. హద్దూ నిలిచింది, వేడుకా జరిగింది.

ఈద్ నాడు హబషీలు మస్జిదులో ఈటెల విన్యాసాలు చేస్తుండగా దైవప్రవక్త (సఅసం) హజ్రత్ ఆయిషా (రజి)ను తమ వెనుక నిలుపుకుని చూపించారని, ఆమెకు తనివి తీరేదాకా ఓపికగా నిలిచే ఉన్నారని హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. మనలో ఎందరు తండ్రులకు ఆ ఓపిక ఉంది? మన జూనియర్ కళాశాలల వీడ్కోలు సభల వేళ కూడా ‘వద్దు’ అనేసి పత్రిక చేతిలోకి తీసుకునే తండ్రులను మేము చూస్తూనే ఉన్నాము.

“నీవు వద్దనడం తప్పు కాదు నాయనా, అక్కడితో ఆగిపోవడం తప్పు. వెళ్లి బిడ్డ పక్కన కూర్చో. ఆమె చెప్పేది పూర్తిగా విను. స్నేహితురాళ్లకు మీ ఇంటనే విందు చేయి. ఆ పూట ఇల్లు ఆడపిల్లలకు విడిచిపెట్టు” అన్నాము.

వారం తరువాత అతడు మళ్లీ ఫోను చేశాడు. అమ్మాయి మాట్లాడింది. ఆమె అడిగిన మొదటి ప్రశ్న: “అబ్బా, నా ముస్లిమేతర స్నేహితురాళ్లను కూడా పిలవవచ్చా?”

“ముందుగా వారినే పిలవమను” అన్నాము.